సాంచాల షెడ్డులో రైలు

ఆ ఎండాకాలం సిరిసిల్లలో సాంచాలు ఆగిపోయాయి. మరమగ్గాన్ని మేము సాంచా అంటాం. పుట్టినప్పటి నుంచి ఆ టకటకల మధ్యే పెరిగిన ఊరు, అవి ఆగేసరికి కొత్తలో చాలామందికి నిద్ర పట్టలేదు. ఆర్డర్లు లేవు, నూలు లేదు, నేసిన బట్ట గోదాముల్లోనే పడి ఉంది. నేత కార్మికులు పొద్దంతా టీ కొట్ల ముందు నిలబడేవాళ్లు. నాలాంటి ఆసాములు, అంటే పదో పన్నెండో సాంచాలు పెట్టుకుని కార్మికులతో నేయించేవాళ్లు, ఒకరికొకరు ఫోన్లు చేసుకుని బాధ చెప్పుకునేవాళ్లు. నేనూ చెప్పుకున్నాను. కానీ లోపల నాకు సంతోషంగా ఉండేది. ఆ సంతోషం తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

నాకు బొమ్మ రైళ్ల పిచ్చి. పిల్లల ఆటవస్తువులు అని ఎవరైనా అంటే కోపం కూడా వస్తుంది. రేకుతో చేసి చావి తిప్పితే నడిచే ఇంజిన్లు, కరెంటుతో నడిచే చిన్న చిన్న బోగీలు, ఎప్పుడో ఇంగ్లండులో తయారై ఎవరి ట్రంకుపెట్టెల్లోనో మన దేశానికి వచ్చినవి. ముంబై చోర్ బజారులో, హైదరాబాదు జుమేరాత్ బజారులో పాత ఇనుప సామాన్ల మధ్య కూర్చుని వెతికి వెతికి తెచ్చుకున్నాను. మా ఆవిడ సంధ్యారాణి బడిలో పిల్లలకు పాఠాలు చెప్పి ఇంటికి వచ్చి, రైళ్లు తుడుస్తున్న నన్ను చూసి, "సవతులకు స్నానాలైనయా?" అని అడిగేది.

మేడ మీద గదిలో వాటికి ఒక టేబులు వేశాను కానీ, కింద పన్నెండు సాంచాలు ఆడుతుంటే పైన టేబులు వణికేది. బోగీలు పట్టాలు దిగేవి. షెడ్డు నుంచి లేచే నూలు దుమ్ము పట్టాల మీద పేరుకుని చక్రాలకు కరెంటు అందేది కాదు. ఇన్నేళ్లలో ఒక్క రైలూ గట్టిగా పది చుట్లు తిరిగింది లేదు. సాంచాలు నడిస్తే రైలు నడవదు. అందుకే సాంచాలు ఆగిన ఆ ఎండాకాలం నేను రైళ్లన్నీ కిందికి దించాను. రెండు వరుసల సాంచాల మీద అడ్డంగా పలకలు పరిచి, షెడ్డు ఈ మూల నుంచి ఆ మూల దాకా పట్టాలు వేశాను.

దానికి నాకు తోడు నిలిచినవాడు రాజనర్సు కాక. మా నాన్న కాలం నుంచి మా సాంచాలు నడిపినవాడు. సాంచాలు ఆగినా రోజూ పొద్దున్నే డ్యూటీకి వచ్చినట్టే వచ్చేవాడు. "ఎన్నడు నడుస్తయి హరీ?" అని ఒకసారి అడిగేవాడు. ఇంకా ఏమీ తెలియదంటే, సరే అని భుజం మీది తువ్వాల తీసి పక్కన పెట్టి, పలకలు పట్టుకునేవాడు. వేస్టు నూలును గంజిలో ముంచి ఆరబెట్టి కొండగట్టు చేశాడు. అట్టముక్కల మీద నేను జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల అని రాసి మూడు స్టేషన్లు పెట్టాను. జగిత్యాలకూ కోరుట్లకూ నిజంగానే రైలుంది. మాకు ఇంకా లేదు, పట్టాలు వస్తున్నాయని చెప్పుకోవడమే.

"సిరిసిల్లకు రైలస్తదని చిన్నప్పటి సంది ఇంటున్న. ఆఖరికి నువ్వు తెచ్చినవ్," అని నవ్వాడు కాక.

ఇంకో స్టేషనుకు జాగా మిగిలింది. బివండి పెడదామా అని నేను ఆట పట్టించాను. ఆయన నవ్వలేదు. మహారాష్ట్రలోని బివండి మరమగ్గాల్లో ఆయన ఏళ్లకేళ్లు పనిచేశాడు. కూతురు రమ పుట్టినప్పుడు అక్కడే ఉన్నాడు, కొడుకు పుట్టినప్పుడూ అక్కడే. ఆ కొడుకు దక్కలేదు, కాక మట్టికి కూడా అందలేదు. అప్పుడు తిరిగి వచ్చి మళ్లీ పోలేదు. ఇప్పుడు రమ తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది.

"గీసారి మాత్రం ఆస్పత్రి కాడ నేనే నిలవడత హరీ," అన్నాడు. "మీ చిన్నమ్మ లసుమి గూడ గదే అంటంది. నువ్వు సాంచాలు షురూ చేస్తే నాకిగ ఎటు పోయే పని లేదు."

తప్పకుండా షురూ చేస్తామన్నాను. ఆ మాట అన్నప్పుడు నేను మనస్ఫూర్తిగానే అన్నాను.

జగిత్యాల నుంచి ఫోన్ వచ్చింది ఆ రోజుల్లోనే. షెడ్డులో రైలు తిరుగుతున్న వీడియో నేను ఫోన్‌లో పెడితే, సంజన అనే అమ్మాయి చూసింది. వాళ్ల తాతయ్య దగ్గర ఇలాంటివే ఉన్నాయి, ఒకసారి వచ్చి చూస్తారా అని అడిగింది. మరునాడే బస్సెక్కాను. తాతయ్య పేరు శ్యాంసుందర్ రావు. కోరుట్ల దగ్గర ఏదో ఊళ్లో దొరలు, ఇప్పుడు జగిత్యాలలో ఉంటున్నారు. మనిషి బాగా పెద్దవాడు, చేతికర్ర లేనిదే లేవలేడు. టేబుల్ మీద రెండు అట్టపెట్టెలు పెట్టి ఉంచాడు. ఒకదాంట్లో ఆకుపచ్చ ఇంజిను, మూడు బోగీలు, చావి. రంగు అక్కడక్కడా పోయింది కానీ స్ప్రింగు గట్టిగా ఉంది. రెండో పెట్టెకు కట్టిన దారం కట్టినట్టే ఉంది.

"ఇది నేను ఆడుకున్నది," అన్నాడాయన. "అది మాత్రం మా నాయిన ముట్టనియ్యలే. నువ్వు దీన్ని మంచిగ నడిపి నాకొకసారి చూపియ్యి. నచ్చితే అది గూడ నీదే. నాకు పైసలేం వద్దు."

ఇలాంటివి పోగేసేవాళ్లకు దారం విప్పని పెట్టె అంటే ఏమిటో నేను మాటల్లో చెప్పలేను. బస్సులో ఆకుపచ్చ ఇంజిను ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను కానీ, కొండగట్టు దాటేదాకా నా ఆలోచనంతా ఆ రెండో పెట్టె మీదే. ముసలాయన ముచ్చట తీర్చడానికే ఇదంతా అని ఇంట్లో చెప్పాను. సంధ్యారాణి నా మొహం చూసి, "ఆయన ముచ్చటనా, నీదా?" అని ఊరుకుంది.

చావితో నడిచే రైలుకు వేరే పట్టాలు కావాలి, అవి వెడల్పు ఎక్కువ. మళ్లీ పలకలన్నీ మార్చాం. కాక స్ప్రింగుకు నూనె పెట్టాడు, రోజూ పాత బట్టతో పట్టాలు తుడిచాడు. చావి ఎంత ఇస్తే ఏ స్టేషను దాకా పోతుందో చూసుకుని, తన పక్కకు రాగానే అరచేయి అడ్డం పెట్టి ఇంజినును మెల్లగా ఆపేవాడు. రావుగారు ఆదివారం వస్తామన్నారు.

ఆ ఆదివారానికి ముందే ఆసాముల గ్రూపులో మెసేజి వచ్చింది. సర్కారు చీరల ఆర్డరు వచ్చింది, సంఘంలో నూలు ఇస్తున్నారు, కావలసినవాళ్లు పేర్లు చెప్పండి అని. ఊళ్లో పండగలా ఉంది. నేను ఫోన్ చేతిలో పట్టుకుని షెడ్డులోకి వచ్చి నిలబడ్డాను. నూలు తెచ్చుకుంటే ఆ రోజే సాంచాల మీది పలకలు తీసేయాలి. తీస్తే మళ్లీ ఎప్పుడు వేస్తానో తెలియదు. ఆదివారం ఎంతో దూరం లేదు అనిపించింది. సంఘం లెక్కలు చూసే కనకయ్యకు ఫోన్ చేసి, మోటర్లు రిపేరుకు ఇచ్చాను, నా పేరు రెండో విడతలో వేయమన్నాను. ఆయన, "మంచిగ ఆలోచన చేసుకున్నవా?" అని అడిగాడు. చేసుకున్నానన్నాను. నా మోటర్లకు ఏ రోగమూ లేదు.

సాయంత్రానికల్లా పక్క గల్లీలో సాంచాలు మొదలయ్యాయి. ఆ చప్పుడు విని రాజనర్సు కాక గబగబా వచ్చాడు. చొక్కా గుండీలు కూడా సరిగ్గా పెట్టుకోలేదు.

"మనది ఎన్నడు?" అన్నాడు.

"మనది రెండో విడతల పడ్డది కాకా," అన్నాను. "ఆళ్లే ఏసిండ్లు."

"గట్లనా," అన్నాడు. కొంచెంసేపు గోడవతలి చప్పుడు విన్నాడు. తర్వాత బట్ట తీసుకుని పట్టాలు తుడవడానికి కూర్చున్నాడు. అంతే. నా నోటి నుంచి ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో తలచుకుంటే ఇప్పటికీ నాకు నా మీద అసహ్యం వేస్తుంది.

రెండు రోజులకు దేవయ్య మా షెడ్డు గడప దగ్గరికి వచ్చాడు. ఆయనా ఆసామే. నాలుగు సాంచాలకు మనిషి లేడని, కాకను రమ్మని అడిగాడు. నన్ను కాదు, కాకనే అడిగాడు. మా దగ్గర నేతగాళ్లకు ఒక పట్టింపు ఉంది, రాజనర్సు కాకకు అది మరీ ఎక్కువ. సాంచాకు ఎక్కించిన నూలు చుట్టను భీము అంటాం. ఆ భీము పోగులు తన చేత్తో ఒక్కొక్కటీ అతికినవాడు, అది నేసి దించేదాకా ఇంకో షెడ్డు గడప తొక్కడు. మా సాంచాల మీద ఆయన ఎక్కించిన భీములు సగం నేసినవి అలాగే ఉన్నాయి. నేను వాటి మీదే పలకలు పరిచాను.

"నా భీములు సగంల ఉన్నయి దేవయ్యా. ఇడిసిపెట్టి ఎట్లస్త?" అన్నాడు కాక. "మాది ఇగ రెండో విడతల అస్తదట. గంతదాక ఆగుత."

దేవయ్య నా వైపు చూశాడు. నేను కోరుట్ల స్టేషను అట్టకు జిగురు పూస్తూ ఉన్నాను. పొమ్మని ఒక్క మాట అంటే కాక పోయేవాడు. ఆసామి చెబితే పట్టింపు ఉండదు. కానీ కాక పోతే చావి ఇచ్చి అటుపక్క ఆపే చేయి నాకు లేదు. నేను జిగురు పూస్తూనే ఉన్నాను.

ఆ ఆదివారం రావుగారు బీపీ పెరిగిందని రాలేదు. తర్వాతి వారం కోరుట్లలో వాళ్ల బంధువుల పెళ్లి. ఆ తర్వాతిసారి కారు లేదన్నారు. దేవయ్య మళ్లీ ఒకసారి వచ్చాడు, కాక మళ్లీ అదే చెప్పాడు. ఒకరోజు అన్నం పెడుతూ సంధ్యారాణి, ఆయనకు నిజం చెప్పెయ్, దేవయ్య దగ్గరికన్నా పోతాడు, ఆడపిల్లకు నెలలు నిండుతున్నాయి అంది. వచ్చే ఆదివారం అయిపోగానే అన్నీ తీసేస్తానన్నాను. "ఏ ఆదివారం?" అంది. అయినా లేచి సంజనకు ఫోన్ చేసి, మీ తాతగారి కోసం సాంచాలు కూడా నడపకుండా ఆపాను, మోటర్లు రిపేరని చెప్పి నూలు రెండో విడతకు జరిపించుకున్నాను, ఈసారి తప్పకుండా తీసుకురండి అని చెప్పాను. అవతలివాళ్లు మొహమాటపడి త్వరగా వస్తారని చెప్పాను. కొంత గొప్పకు కూడా చెప్పాను.

వచ్చారు. కాక ఆ రోజు ఉతికిన తెల్లచొక్కా వేసుకున్నాడు. రావుగారిని చూడగానే, "దండాలు దొరా," అని కుర్చీ తుడిచి వేశాడు. సంజన తాతయ్యను కూర్చోబెట్టి పక్కన నిలబడింది. కాక చావి తిప్పాడు. ఆకుపచ్చ ఇంజిను జగిత్యాల నుంచి కదిలి, నూలు కొండ చుట్టూ తిరిగి, సాంచాల మీదుగా కోరుట్ల దాటి సిరిసిల్లకు వచ్చింది. ముసలాయన రెండు చేతులూ కర్ర మీద పెట్టి, చిన్నపిల్లాడిలా చూశాడు. మళ్లీ తిప్పమన్నాడు, మళ్లీ తిప్పమన్నాడు.

"మా అరుగు మీద ఆడుకునేటప్పుడు మా జీతగాని కొడుకు చావి ఇచ్చేటోడు," అన్నాడు. "నేను ఆపేటోన్ని. వాని పేరు గూడ యాదికి లేదు నాకు."

కాక నవ్వుతూ ఇంకోసారి చావి ఇచ్చి రైలును వదిలాడు. అప్పుడు రావుగారు నా చేయి పట్టుకున్నాడు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి.

"నా ఒక్కని కోసం మోటర్లు ఖరాబైనయని చెప్పి నూలు గూడ ఎనుకకు పెట్టించుకున్నవట గదా హరిప్రసాద్. సంజన చెప్పింది. ఈ కాలంల ఇంత మర్యాద ఎవరు చేస్తరు?"

షెడ్డు అవతలి కొసన కాక చావి పట్టుకుని వంగి ఉన్నాడు. రైలు చుట్టు తిరిగి ఆయన వైపే పోతోంది. ఆయన తల ఎత్తలేదు. రైలు రాగానే ఎప్పటిలాగే అరచేయి పెట్టి మెల్లగా ఆపాడు. చావిని ఇంజిను పక్కన పెట్టాడు. దొరకు చాయ్ తెస్తానని చెప్పి బయటికి వెళ్లి, తెచ్చి, అందరికీ ఇచ్చి, వాళ్లు తాగాక గ్లాసులు కడిగి ఇంటికి వెళ్లిపోయాడు. రావుగారు వెళ్తూ వెళ్తూ రెండో పెట్టె కారులోంచి తీయించి నా చేతుల్లో పెట్టాడు. దాన్ని పట్టుకుని గేటు దగ్గర చాలాసేపు నిలబడ్డాను. అది ఇప్పటికీ బీరువాలో ఉంది, దారం విప్పలేదు.

మరునాడు కాక రాలేదు. పలకలన్నీ నేనొక్కడినే తీశాను. కనకయ్య దగ్గరికి పరుగెత్తితే, రెండో విడత ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నాడు. వచ్చినా అందరికీ సగం సాంచాల వరకే అన్నాడు. దేవయ్య ఇంటికి పోయాను. కాకకు ఏదైనా చూడమని బతిమాలాను.

"రెండుసార్లు నీ గడప కాడికచ్చి పిలిస్తి," అన్నాడు దేవయ్య. "నువ్వు గక్కడనే కూసున్నవ్. ఇప్పుడు నా సాంచాలన్నిటికి మనుషులున్నరు."

ఆ వారంలోనే ఒక పొద్దున కాక షెడ్డుకు వచ్చాడు. భీములు దించిపోతానన్నాడు. మిగిలి ఉన్న నూలు కండెలు వెతికి, మోటర్లు వేసి, తన సాంచాలను తానే నడిపించుకున్నాడు. చాలా నెలల తర్వాత షెడ్డు నేల అదిరింది. తెగిన పోగునల్లా కళ్లద్దాలు లేకుండానే పట్టుకుని చిటికెలో అతికాడు. నేను గుమ్మం దగ్గర నిలబడి క్షమించమని అడగాలనుకున్నాను. ఆ చప్పుడులో మాట వినపడదులే అని నాకు నేనే సాకు చెప్పుకున్నాను. రెండో రోజు ఆఖరి బట్ట కోసి మడత పెట్టి మోటరు ఆపాడు. ఇక సాకు లేదు.

"ఇంకో నెల ఆగు కాకా. నూలు తెస్త. ఎట్లనన్న చేసి తెస్త," అన్నాను.

"బివండిల బావమరిది కాడ సాంచాలు ఖాళీ ఉన్నయట. ఇప్పుడు పోకుంటే గవి గూడ ఉండయి," అన్నాడు. చేతులు తుడుచుకున్నాడు. "రమకు నెలలు నిండినయి. చేతుల ఏం లేకుంట ఆస్పత్రి కాడ నిలవడి ఏం చేస్త హరీ?"

ఆయన షెడ్డు ఊడ్చి, దుమ్మంతా బయట పారబోసి వచ్చాడు. పోతూ పోతూ, "దొర శాన సంబురపడ్డడు," అన్నాడు. తిట్టినా బాగుండేది. ఆయన గొంతులో ఎత్తిపొడుపు లేదు, అదే నన్ను ఎక్కువ కోసింది.

రమకు ఆడపిల్ల పుట్టింది. ఆస్పత్రి దగ్గర లసుమవ్వ ఒక్కతే నిలబడిందని సంధ్యారాణి చెప్పింది. ఆ రోజు నేను పోలేదు, పోవడానికి మొహం చెల్లలేదు. పురుడు చేసిన రోజు మాత్రం సంధ్యారాణి బలవంతంగా తీసుకుపోయింది. లసుమవ్వ చిన్నమ్మ నన్ను చూడగానే మంచం మీద దుప్పటి సరిచేసి కూర్చోబెట్టింది. పాపను తెచ్చి నా ఒడిలో పెట్టింది. కాకకు వీడియో కాల్ కలపమని అడిగింది. రమ ఫోన్ పాడైందట, పాప మొహం ఆయన ఇంకా సరిగ్గా చూడలేదట.

కలిపాను. తెర మీద కాక కనిపించాడు. వెనక వరుసగా సాంచాలు ఆడుతున్నాయి, ఆ మోతలో ఒక్క మాటా వినపడటం లేదు. ఫోన్ కిందికి పెట్టమని చేయి ఊపాడు. పాప మొహం చూపించాను, కాళ్లు చూపించాను. ఆయన ఏదో అన్నాడు, నవ్వాడు, తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. ఇంతలో ఎవరో పిలిచినట్టున్నారు, వెనక్కి చూసి కాల్ పెట్టేశాడు.

చిన్నమ్మ నాకు చాయ్ తెచ్చి ఇచ్చి, కింద చాప మీద కూర్చుంది.

"నువ్వు ఆయన కోసం శాన జూసినవట కొడుకా," అంది. "పోయేటప్పుడు చెప్పిండు. హరి తప్పేం లేదు, నా కండ్లే ఆనుతలేవు, పోగులు అతుకుడు అయితలేదు, ఇక్కడి సన్న నూలు నాతోని కాదు, బివండిల దొడ్డు బట్ట, గదైతే నడుస్తది అన్నడు. నువ్వు ఉండుమన్నా ఆయనే ఉండలేదట." నా మోకాలి మీద చేయి వేసింది. "నాకైతే ఎన్నడు చెప్పలేదు. నీ కండ్ల ముంగట పనిచేసినోడు. నిజం చెప్పు కొడుకా, నిజంగనే ఆనుతలేవా?"

సంధ్యారాణి తల ఎత్తి నా వైపు చూసింది. లోపలి గదిలో రమ మాట్లాడుతున్నదల్లా ఆగింది. పాప నా ఒడిలో నిద్రపోతోంది. చెప్పడానికి నాకు అంతకంటే మంచి సమయం ఇక దొరకదు.

"కొద్దిగ, చిన్నమ్మా," అన్నాను.

ఆమె తల ఊపింది. పాపను నా ఒడిలోంచి మెల్లగా తీసుకుని, "గా కండ్లతోని అంత దూరాన ఒక్కడు ఎట్ల నేస్తుండో," అని కొంగుతో కళ్లు ఒత్తుకుంది. చాయ్ చల్లారుతుంది, తాగమని నాకు చెప్పింది. నేను తాగాను.